ఎడమ బాణం

ఆ ఫ్లెక్సీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరుకు మెట్లదారి పక్కన కట్టి ఉంది. కింద మొబైల్ రిపేరు దుకాణం, పైన పోటీ పరీక్షల కోచింగు. నేను ఒక పాత మిషన్‌కి కావలసిన వైరు ముక్క కోసం ఆ సందులోకి వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఫోటో కనిపించింది. ‘అశ్రునివాళి’ అని పైన, ‘మీ టైపు విద్యార్థులు’ అని కింద. మధ్యలో ఆవిడ. నవ్వడం లేదు. కెమెరా వైపు కూడా చూడడం లేదు. తల కొంచెం ఎత్తి, ఎదురుగా ఎక్కడో పైన రాసి ఉన్నదాన్ని చదువుతున్నట్టు చూస్తోంది. ఆ చూపుని బట్టే గుర్తుపట్టాను.

పేరు ఫ్లెక్సీ మీద ఉంది. ఇక్కడ రాయను. నేనెప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. మేడమ్ అనేవాణ్ణి. ఆవిడ నన్ను అబ్బాయీ అనేది. అప్పటికే నాకు నలభై దాటాయి, కణతల దగ్గర తెల్లబడింది. అయినా ఆవిడ ముందు అబ్బాయినే.

ఫ్లెక్సీ అడుగున పెద్దకర్మ ఏ రోజో, తుర్కయంజాల్‌లో ఇల్లెక్కడో రాసి ఉంది. వైరు ముక్క జేబులో వేసుకుని అక్కడే నిలబడ్డాను. మొబైల్ దుకాణం అతను “ఏం గావాలె అన్నా?” అని రెండుసార్లు అడిగాడు. ఏం వద్దన్నాను.

మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఎల్బీనగర్ దగ్గర ఒక మాల్‌లో, మూడో అంతస్తులోని గేమ్ జోన్‌లో టెక్నీషియన్‌ని. శని ఆదివారాలు కాలు పెట్టడానికి చోటుండదు. మామూలు రోజుల్లో పొద్దున పదకొండు గంటలకు షట్టర్ ఎత్తితే మధ్యాహ్నం కాలేజీలు వదిలేదాకా ఒక్క మనిషి రాడు. ఎవరూ లేనప్పుడు మిషన్లు వాటంతట అవే పాడుకుంటాయి. కార్లు వాటంతట అవే పందెం వేసుకుంటాయి, తుపాకులు పేలుతాయి, డ్యాన్స్ మిషన్ రంగులు మార్చుకుంటూ రమ్మని పిలుస్తుంది. ఆ గోల మధ్య నేనొక్కణ్ణే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ణి. అంత చప్పుడులో అంత ఒంటరిగా ఉండొచ్చని నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది.

ఒకరోజు అలాంటి వేళలో ఆవిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. గంజి పెట్టిన నేత చీర, భుజానికి గుడ్డసంచి. డాక్టరు నడవమన్నాడట. బయట ఎండకి, గతుకులకి భయపడి మాల్‌లో నడుస్తోందట. ఎడమ కాలు కొంచెం ఆలోచించి పడుతోంది. నేరుగా డ్యాన్స్ మిషన్ దగ్గరికి వచ్చి, అది చూపించే బొమ్మల ఆటని చివరిదాకా చూసి, నన్ను పిలిచింది.

“అబ్బాయీ, దీనికి మార్కులు ఎవరు వేస్తారు?”

“ఎవరెయ్యరు మేడమ్. మిషనే ఏస్తది.”

“మెషిన్‌కి నేనెవరో తెలుస్తుందా?”

“దానికేం తెల్సు మేడమ్. పలక మీద కాలు పడ్డదా లేదా, ఎప్పుడు పడ్డది, గంతే.”

“అయితే మంచిదే. ఎలా వేస్తుందో చెప్పు.”

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పిల్లలు వస్తారు, ఎగురుతారు, అక్షరం చూసుకుని కేకలు పెడతారు. ఆ అక్షరం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకు అక్కర్లేదు. ఆవిడ ముందు ఆట ఆడలేదు. ముందు రూల్సు తెలుసుకుంది. నేను నిలబడే చెబుతున్నాను, ఆవిడ నిలబడే వింటోంది.

కింద నాలుగు పలకలు. ముందు, వెనక, కుడి, ఎడమ. తెర మీద బాణాలు కిందినుంచి పైకి తేలుతూ వస్తాయి. పైన నాలుగు బాణాల అచ్చులు కదలకుండా ఉంటాయి. కింది బాణం వెళ్ళి పైన అచ్చులో సరిగ్గా కూర్చున్న క్షణాన ఆ పలక తొక్కాలి. సరిగ్గా పడితే పర్ఫెక్ట్ అంటుంది. వెంట్రుకవాసి తేడా వస్తే గ్రేట్. ఇంకొంచెం జరిగితే గుడ్. ఇంకా జరిగితే బ్యాడ్. అసలు తొక్కకపోతే మిస్.

“ముందు పడితే?”

“ముందువడ్డా తప్పే మేడమ్, లేటువడ్డా తప్పే.”

“అది న్యాయం,” అంది.

వరసగా తప్పులేకుండా తొక్కుతూ పోతే ఆ వరస లెక్క తెర మీద పెరుగుతూ ఉంటుంది. దాన్ని కాంబో అంటారు. ఒక్క మిస్ పడితే వంద దాకా వచ్చిన కాంబో కూడా సున్నా అవుతుంది. అది వినగానే ఆవిడ ముఖం ముడుచుకుంది.

“ఒక్క తప్పుకి వెనక చేసిన ఒప్పులన్నీ చెరిపేస్తుందా? ఇదేం మెషిన్ అబ్బాయీ?”

“చెరపది మేడమ్. కాంబో ఒక్కటే పోతది. ఆఖరికి గ్రేడు ఇచ్చేటప్పుడు అన్నీ ఒక్కదగ్గర జూస్తది. పర్ఫెక్ట్‌కు ఇంత, గ్రేట్‌కు గింత అని కలుపుతది. మిస్సులకు కోస్తది. జర గట్టిగనే కోస్తది. కలిపినదాంట్ల కోసింది తీసేసి, ఎస్సా, ఏనా, బీనా అని ఇస్తది.”

“కోస్తుంది కానీ చెరపదు. అయితే సరే.”

ఇంకొక్క రూలు మాత్రం ఆవిడకు చివరిదాకా మింగుడుపడలేదు. బాణమే లేని వేళ ఊరికే పలక తొక్కితే మిషన్ పట్టించుకోదు. తప్పు కిందా వేయదు, ఒప్పు కిందా వేయదు. “మా దగ్గరైతే అక్కర్లేని చోట అక్షరం పడితే తప్పే. కాగితం మీద మచ్చ కనపడుతుంది కదా,” అని గొణిగింది. అప్పుడు తెలిసింది, ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పై ఏళ్ళు టైపు నేర్పిందని. ఆ ఇరుకు మెట్ల పైన, ఇప్పుడు కోచింగు ఉన్న గదిలోనే. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో బత్తాయి లారీల హారన్లు లోపలికి వినిపిస్తుంటే, అదే తాళంగా పెట్టుకుని టైపు కొట్టమనేదట పిల్లల్ని.

ఆ తర్వాత ఆవిడ రోజూ వచ్చేది. చెప్పులు విప్పి, రెండూ జతగా, ముందు భాగం బయటికి ఉండేలా పెట్టేది. చీర కొంగు నడుముకు దోపేది. గుడ్డసంచిలోంచి చేతిరుమాలు తీసి, నాలుగు పలకలూ ఒంగి తుడిచేది. “నేను తుడుస్త మేడమ్” అంటే, “ఎవరి మెషిన్ వాళ్ళే తుడుచుకోవాలి” అనేది. ఎక్కి నిలబడ్డాక వెనక ఉన్న ఇనప కడ్డీని ఎడమచేత్తో పట్టుకునేది. రెండు వారాలకి రెండు వేళ్ళతో పట్టుకుంది. నెలకి కడ్డీ వదిలేసింది.

ఎప్పుడూ ఒకే పాట. అన్నిటికంటే నిదానంగా సాగేది, చిన్నపిల్లల కోసం పెట్టినది. కింద చూసేది కాదు. ఒక్కసారి కూడా. టైపు నేర్చుకునే పిల్లలు కీబోర్డు వైపు చూస్తే ఆవిడ వాళ్ళ చేతుల మీద అట్టముక్క కప్పేసేదట. ఒకరోజు త్వరగా వచ్చిన కాలేజీ పిల్లలు నలుగురు అదే మిషన్ మీద వంతులవారీగా ఆడుతుంటే, ఆవిడ వెనకనుంచి గద్దించింది.

“కింద చూడకండిరా! కాళ్ళు ఎక్కడికీ పోవు, మీవే!”

వాళ్ళలో ఒక పొడుగు కుర్రాడు జడుసుకుని తల ఎత్తాడు. ఆ పాటకి వాడికి మొదటిసారి ‘ఏ’ గ్రేడు వచ్చింది. “ఆంటీ, మస్తు జెప్పినవ్!” అన్నాడు. “ఆంటీ కాదు, మేడమ్,” అంది ఆవిడ.

పాట అయ్యాక తెర మీద లెక్క వస్తుంది కదా, దాన్ని కాగితం మీద పెన్సిల్‌తో రాసుకునేది. పర్ఫెక్ట్ ఎన్ని, గ్రేట్ ఎన్ని, మిస్ ఎన్ని. ఆ కాగితాలు పాత టైపు కాగితాల వెనకవైపులు. వెలుతురుకి పెడితే అవతలి పక్క ఎవరో పిల్లలు కొట్టిన అక్షరాలు వరసలు వరసలుగా కనిపించేవి.

తర్వాత బల్ల మీద కూర్చుని ఫ్లాస్కు తీసేది. అందులో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. మూతలో పోసి నాకిచ్చి, తను ఫ్లాస్కు ఎత్తి తాగేది. ఆ మజ్జిగ వేళలోనే ఒకరోజు అసలు సంగతి చెప్పింది.

“పక్షవాతం ఇంటి నంబరు తప్పు చూసుకుని వచ్చి, పొరపాటైందని వెంటనే వెళ్ళిపోయింది అబ్బాయీ. కాకపోతే వెళ్ళేటప్పుడు ఎడమ కాలుని కొంచెం లాగి చూసింది.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ ఉండేది కొత్తపేటలో, రెండో అంతస్తు పైన ఒంటి గది. లిఫ్టు లేదు. కిరాయి అగ్రిమెంటు నాలుగు నెలల్లో అయిపోతుంది. తుర్కయంజాల్‌లో ఉన్న అక్క కూతురు కింది పోర్షన్‌లో గది ఉంది, వచ్చెయ్యమంటోంది. మంచి పిల్లే, ప్రాణం పెడుతుంది. కానీ అక్కడికి వెళితే ఇంక ఎవరో ఒకరు తోడు లేకుండా గేటు దాటనివ్వరు.

“నాకు ఒక్కదాన్నే బస్సెక్కి, ఒక్కదాన్నే దిగి, ఒక్కదాన్నే కూరగాయలు బేరమాడడం అలవాటు. అది పోతే ఇంకేం ఉంది? అందుకని మా పిల్లతో ఒప్పందం పెట్టుకున్నాను. అగ్రిమెంటు అయ్యేలోగా ఈ పాటకి ‘ఏ’ వస్తే నా గదిలో నేనుంటాను. రాకపోతే నోరెత్తకుండా సామాను సర్దుకుంటాను.”

“డాక్టర్‌నే అడగొచ్చు గద మేడమ్?”

“బాగానే ఉందమ్మా అంటాడు. కాలుకి ఎక్సర్‌సైజు చేయించే అమ్మాయీ అదే అంటుంది. మా పిల్లా అదే. అందరూ నా ముఖం చూసి చెబుతారు. పరీక్ష కాగితాలు మా రోజుల్లో సీలు వేసి వేరే ఊరికి పంపేవాళ్ళు. ఎందుకు? మార్కులు వేసేవాడికి మన ముఖం తెలియకూడదు.” మూత నా చేతిలోంచి తీసుకుని బిగించింది. “నీ మెషిన్‌కి నా ముఖం తెలియదు.”

నా మిషన్. ఆ మాట నాకు నచ్చింది. ఆ రోజు ఆ పలకలకి నేనూ ఒకసారి గుడ్డ పెట్టి తుడిచాను.

మొదటి రెండు నెలలు డీ నుంచి సీకి, సీ నుంచి బీకి వచ్చింది. మూడో నెలలో బీ దగ్గర ఆగింది. తర్వాత మళ్ళీ సీ. ఆవిడ కాగితాల్లో మిస్సులు పెరుగుతూ వచ్చాయి. అన్నీ ఎడమ బాణానివే. మిషన్ ఆ సంగతి విడిగా చెప్పదు, ఆవిడే పాట నడుస్తుండగా మనసులో లెక్కపెట్టుకునేది. ఎడమ బాణానికి తోక ఉన్నప్పుడు, అంటే కాలు తీయకుండా నొక్కి పట్టాల్సి వచ్చినప్పుడు, అది మధ్యలోనే తెగిపోయేది. ఆవిడ పెదవి బిగించేది. పాట ఆపేది కాదు.

దానికి కారణం నాకు తెలుసు.

ఒక్కో పలక కింద నాలుగు అంచుల్లో నాలుగు పట్టీలుంటాయి. అడుగు పడిందని మిషన్‌కి చెప్పేవి అవే. ఆ మూడో నెలలో ఎడమ పలకకి లోపలి వైపు రెండు పట్టీలు చచ్చిపోయాయి. ఒకరోజు తుడుస్తూ చేత్తో నొక్కితే తెలిసింది. కుర్రాళ్ళు ఎగిరి దబ్బున తొక్కుతారు, బయటి వైపు పట్టీలకి తగులుతుంది, వాళ్ళకేం తేడా తెలియదు. ఆవిడ మెత్తగా, పలక మధ్యకి లోపలగా, కావలసినంతే తొక్కుతుంది. ఆ అడుగు ఎక్కడా తగలదు. మొత్తం గేమ్ జోన్‌లో ఆ పలక మోసం చేసేది ఒక్క ఆవిడనే.

రోజూ షట్టర్ ఎత్తగానే ప్రతి మిషన్నీ పరీక్షించి, చెకింగ్ కాగితం మీద టిక్కు పెట్టి సంతకం చేయాలి. డ్యాన్స్ మిషన్‌కైతే ఒక్కో పలకని నాలుగు మూలలా తొక్కి చూడాలి. నేను ఎన్నో నెలలుగా తొక్కకుండానే టిక్కు పెడుతున్నాను. పలక విప్పాలంటే చుట్టూ మరలు తీయాలి, రెండు గంటల పని. పట్టీలు స్టాకులో లేవు, తెప్పించాలి. తెప్పించాలంటే ఎప్పట్నుంచి పాడైందో రాయాలి. నా సంతకాలేమో ప్రతిరోజూ బాగుందని చెబుతున్నాయి. మేనేజర్‌కి ఫోన్‌లో నసిగితే, “సెలవులు ఒస్తున్నయ్ భాయ్, రిపేరని బోర్డు గీర్డు పెట్టకు. ఎవడన్న అడిగితే మిషన్ మంచిగుందని చెప్పు” అన్నాడు. తర్వాత చాలాకాలం ఆ మాటనే అడ్డం పెట్టుకున్నాను. కానీ నిజానికి ఆయన ఆ మాట అనకపోయినా నేను చేసేది అదే. తప్పు నా దగ్గరికి వచ్చే దారిలో ఇంకొకర్ని నిలబెట్టడం నాకు ఇంట్లోనూ అలవాటే. మా ఆవిడ ఆ సంగతి చాలాసార్లు చెప్పింది.

పలక సంగతి ఆవిడ ముందే అడగొచ్చు. ఎందుకు అడగలేదో ఇప్పుడు అర్థమవుతోంది. ముప్పై ఏళ్ళు ఆవిడ దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ మసకగా పడిన అక్షరం చూపించి మెషిన్ బాగాలేదు మేడమ్ అన్నవాళ్ళే. టైపు మిషన్‌లో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఎడమ చిటికెన వేలుతో కొట్టాలి. అందరికీ అదే మసకగా పడుతుంది. “మెషిన్ మీద చెప్పకు, వేలు చూసుకో” అనేది ఆవిడ. “ఎడమ చిటికెన వేలు పుట్టుదొంగ” అని నాతోనూ చాలాసార్లు అంది. ఎడమవైపు ఏ తప్పు జరిగినా అది మనిషిదేనని ముప్పై ఏళ్ళు తీర్పు చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి మిషన్‌ని ఎలా అనుమానిస్తుంది?

అయినా అడిగింది. అగ్రిమెంటు ఇంక వారంలో అయిపోతుందనగా, ఒక బుధవారం. ఆ రోజు వరసగా మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ సీ. మూడోసారి దిగి, చెప్పులు వేసుకోకుండా, రుమాలు చేతిలో నలుపుతూ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆవిడ సిగ్గుపడగా చూడడం అదే మొదలు.

“అబ్బాయీ, తప్పుగా అనుకోకు. ఈ మాట నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఆ ఎడమ పలక... సరిగ్గానే ఉందా?”

గేమ్ జోన్‌లో ఇద్దరమే ఉన్నాం. మిషన్లు పాడుకుంటున్నాయి. ఆవిడ నా ముఖం వైపు కాదు, నా చేతిలోని ఫోన్ వైపు చూస్తోంది. నాకు జవాబు చెప్పడానికి వీలు కల్పిస్తున్నట్టు.

“మిషన్ మంచిగనే ఉన్నది మేడమ్,” అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. “మొన్న గా పొడుగు పిలగానికి ఏ ఒచ్చింది గద. మీ ఎడమ కాలే జర లేటువడుతున్నది.”

“లేటా? ముందా?”

“లేటే మేడమ్. నేను జూస్తున్న గద రోజు.”

ఆవిడ రుమాలు మడత పెట్టింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

“అంతే అయ్యుంటుంది,” అంది. “మెషిన్ మీద చెప్పబోయాను చూడు.”

చెప్పులు వేసుకుంది. ఫ్లాస్కు తీసి మూతలో మజ్జిగ పోసి నాకిచ్చింది. నేను తాగాను. అదే నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడేది. వద్దని అననైనా అనలేదు. తాగి, మూత ఇచ్చాను. ఎస్కలేటర్ దాకా నడిచి, అక్కడ ఆగి, దాని మీద కాలు పెట్టకుండా పక్కకి తిరిగి లిఫ్టు వైపు వెళ్ళింది. అంతకుముందు నెలరోజులుగా ఆవిడ ఎస్కలేటర్ మీదే దిగుతోంది.

మళ్ళీ రాలేదు.

అప్పుడు పట్టీలకి రాశాను. రెండు నెలలకు వచ్చాయి. మరలన్నీ తీసి, చచ్చిన రెంటినీ పీకి, కొత్తవి వేశాను. రెండు గంటలన్నది కూడా అబద్ధమే, గంటలోపే అయిపోయింది. బూట్లు విప్పి ఎక్కి, ఆవిడ పాట పెట్టి, ఆవిడలాగే మెత్తగా తొక్కి చూశాను. ఎడమ బాణాలన్నీ పర్ఫెక్ట్ అన్నాయి.

మెంబర్‌షిప్ ఫారాల కట్టలోంచి ఆవిడ నంబరు తీశాను. చెప్పేద్దామనే తీశాను. రింగు రెండుసార్లు మోగగానే కట్ చేశాను. నిమిషంలో ఆవిడే చేసింది.

“హలో, ఎవరండీ? ఇప్పుడే ఈ నంబరు నుంచి వచ్చింది.”

వెనక ఎక్కడో కుక్కర్ కూత, ఎవరో పిల్లలు. కొత్తపేట గది కాదని తెలుస్తూనే ఉంది.

“రాంగ్ నంబర్ మేడమ్,” అన్నాను.

కుక్కర్ ఇంకోసారి కూసింది. “పర్వాలేదు బాబూ, వేలు జారి ఉంటుంది,” అని పెట్టేసింది.

గొంతు గుర్తుపట్టిందా, లేదా? ఎన్నోసార్లు అనుకున్నాను. గుర్తుపట్టలేదనే అనుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది కాబట్టి అలాగే అనుకున్నాను. ఎల్బీనగర్ నుంచి తుర్కయంజాల్ ఎంత దూరం? సాగర్ రోడ్డులో బస్సెక్కితే ముప్పావు గంట. మూడేళ్ళలో ఆ బస్సు నేనెక్కలేదు. ఆ ఉద్యోగం మాత్రం మానేశాను. ఇప్పుడు నాలుగైదు గేమ్ జోన్లకి తిరిగి రిపేర్లు చేస్తున్నాను. ఎక్కడ డ్యాన్స్ మిషన్ ఉన్నా బూట్లు విప్పి, పలకల్ని లోపలి అంచున, మెత్తగా తొక్కి చూస్తాను. దానివల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదని తెలుసు.

పెద్దకర్మ రోజు జనం ఉంటారని వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళాను. అదీ నా ధైర్యం.

ఆవిడ అక్క కూతురు తలుపు తీసింది. నలభై అయిదేళ్ళుంటాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. టైపు నేర్చుకున్నవాణ్ణేమో అనుకుని లోపలికి రమ్మంది. మంచినీళ్ళు ఇచ్చి, వెనక వసారాలో గాలి వస్తుందని అక్కడ కుర్చీ వేసింది. కూర్చోబోతూ కింద చూశాను. గచ్చు మీద రంగు సుద్దతో గీసిన నాలుగు గడులున్నాయి. తొక్కుడుబిళ్ళ గడులనుకున్నాను.

“పిల్లలవి కావండీ, పిన్నివి,” అందామె. “అదో డ్యాన్సు మెషిన్ ఉంటుందటగా, అలాగన్నమాట. నేను ఫోన్‌లో పాట పెట్టి, ముందు, వెనక, ఎడమ అని అరవాలి. పొద్దునా సాయంత్రం. మొన్న పడిపోయే ముందురోజు దాకా ఆపలేదు. మిగతా మూడూ ఎప్పుడో గీసినవే. ఆ ఎడమ గడి మాత్రం నెల తిరక్కుండా చెరిగిపోయేది. మళ్ళీ గీయించేది నాతో.”

నేను కుర్చీలో కూర్చోలేదు.

“బాగానే పడుతోంది కదా పిన్నీ అంటే ఒప్పుకునేది కాదు. నువ్వు నా మనిషివి, నీ మార్కులు చెల్లవు అనేది. బస్సెక్కుదాం రా, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళొద్దాం, నీ పిల్లలెవరైనా కనిపిస్తారు అంటే, వద్దమ్మా, ఎడమ కాలుని నమ్మలేను అనేది. మూడేళ్ళూ గేటు దాటలేదండీ. ఒక్కత్తీ ఊరంతా తిరిగిన మనిషి.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆ మాల్‌లో ఒక అబ్బాయి ఉండేవాడట. అందరూ నా ముఖం చూసి బాగుందన్నారు, వాడొక్కడే ఉన్నదున్నట్టు చెప్పాడు అని ఎంత మెచ్చుకునేదో. ఎవరైనా వస్తే అతని సంగతే.”

“ఆ అబ్బాయిని నేనే అమ్మా,” అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. అది ఇంకా కష్టమైంది. ఆ ముఖం మారిపోయే లోపల, నిలబడే, చెప్పేశాను. ఎడమ పలక లోపలి పట్టీలు, నేను తొక్కకుండా పెట్టిన టిక్కులు, ఆవిడ అడిగిన బుధవారం, నా జవాబు, ఆ రాంగ్ నంబర్. మేనేజర్ పేరు ఎత్తలేదు. ఆమె మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

“అంటే, లేటు కాదా?”

“కాదమ్మా. సక్కగనే పడ్డది. మిషన్‌కే తెల్వలే.”

ఆమె గడప మీద కూర్చుని గచ్చు మీది గడుల వైపు చూసింది.

“అయితే పిన్ని కాలు బాగానే ఉందన్నమాట,” అంది. నాతో కాదు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లేచి, లోపలి గది తలుపు తీసి పక్కకి తప్పుకుంది.

“ఈ మాట నాకు కాదండీ చెప్పాల్సింది.”

లోపల, బల్ల మీద, దండ వేసిన అదే ఫోటో. పక్కన ఫ్లాస్కు, పెన్సిల్, ఒక వైపు టైపు కొట్టి ఉన్న కాగితాల కట్ట. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“మేడమ్, తప్పు మిషన్‌ది. మీ కాలుది గాదు. నాకు ముందుగాల్నే తెల్సు.”

గొంతు పైకే వచ్చింది. వసారాలో ఆమెకూ వినిపించే ఉంటుంది. ఫోటోలో ఆవిడ నా తల మీదుగా ఎక్కడో పైకి చూస్తోంది.

బాణం అచ్చు దాటి పైకి వెళ్ళిపోయాక ఎంత గట్టిగా తొక్కినా పలక చప్పుడు చేస్తుంది, అంతే. ఖాళీ చోట పడిన అడుగుకి మిషన్ తప్పు వేయదు, మార్కూ వేయదు. మొదటి రోజే ఆవిడకు నచ్చని రూలు అది.